అతను ప్రేమిస్తున్నానంటాడు, నాకు భయమేస్తోంది: టీనేజ్ అమ్మాయిలు తరచుగా అడిగే ప్రశ్నలు

నన్ను అడిగే అమ్మాయిలు మారుతుంటారు, ప్రశ్నలు మాత్రం మారడం లేదు. పదిహేనేళ్ల పిల్ల అడిగినా, పద్దెనిమిదేళ్ల పిల్ల అడిగినా మొదటి మాట దాదాపు ఒకటే: "ఇది చిన్న విషయమేమో, నేనే పెద్దది చేస్తున్నానేమో." అందుకే, ప్రేమించినవాడే భయపెడుతున్నప్పుడు, పెత్తనం చేస్తున్నప్పుడు వచ్చే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. అబ్బాయిలకూ ఇలాంటివి జరుగుతాయి, కానీ ఇది అమ్మాయిలను దృష్టిలో పెట్టుకుని రాసింది. వరసగా చదవక్కర్లేదు. నీకు ఏ ప్రశ్న కావాలో నేరుగా దాని దగ్గరికే వెళ్లు.

నీ ఫోన్‌ని అతను చూస్తాడనే భయం ఉంటే వేరేవాళ్ల ఫోన్‌లో చదువు. ఈ క్షణంలోనే ప్రాణభయం ఉంటే చదవడం ఆపేసి, మీ దేశంలోని అత్యవసర నంబర్‌కి ఫోన్ చెయ్యి. భారత్‌లోనూ, ఐరోపా దేశాల్లోనూ అది 112.

## ఏదో తేడాగా అనిపిస్తున్నప్పుడు

అతను కొంచెం పొసెసివ్. ప్రేమ ఎక్కువైతే అలాగే ఉంటారు కదా?

నువ్వు ఇంకొకరితో నవ్వుతూ మాట్లాడితే అతనికి అసూయ కలగొచ్చు. ఎవరికైనా కలుగుతుంది. ఆ అసూయ వచ్చాక అతను ఏం చేస్తున్నాడన్నదే చూడాలి. "నాకు కొంచెం బాధనిపించింది" అని చెప్పి ఊరుకుంటే ఇబ్బంది లేదు. ఆ అబ్బాయిని అన్‌ఫాలో చెయ్యమంటే, గ్రూప్ ఫోటో తీసెయ్యమంటే, రెండు రోజులు మాట్లాడకుండా నిన్ను ఏడిపిస్తే అది పెత్తనం.

నేను అమ్మాయిలను ఒకటే అడుగుతాను. అతను పరిచయం కాకముందు నీకు ఎంతమంది ఫ్రెండ్స్ ఉండేవాళ్లు? ఇప్పుడు ఎంతమంది మిగిలారు? అప్పుడు ఏమేం చేసేదానివి, ఇప్పుడు ఏమేం మానేశావు? జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. డ్యాన్స్ మానేశాను, జుట్టు విరబోసుకోవడం మానేశాను, పిన్ని కొడుకుతో మాట్లాడటం కూడా మానేశాను... విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి చూడు.

ఒక్కసారి కూడా నా మీద చెయ్యి చేసుకోలేదు. దీన్ని హింస అనొచ్చా?

అనొచ్చు. నలుగురిలో నీ రంగు గురించో, ఒంటి గురించో ఎగతాళి చేయడం, నీ పక్కనున్న గోడను గుద్దడం, ఫోన్ నేలకేసి కొట్టడం, "నువ్వు పిచ్చిదానివి, అలా నేను అననే లేదు" అని నీ జ్ఞాపకాన్నే నీకు అనుమానం వచ్చేలా చేయడం, బండి మీద ఎక్కించుకుని కావాలని అతివేగంగా నడపడం: ఇవన్నీ హింసే.

అమెరికాలోని డులూత్ నగరంలో 1984లో, హింసను అనుభవించిన స్త్రీలతో మాట్లాడి ఒక చక్రం బొమ్మ గీశారు. దాని ఇరుసు దగ్గర అధికారం, అదుపు అని రాసి ఉంటుంది. చక్రం ఊచల మధ్య ఖాళీల్లో బెదిరించడం, అవమానించడం, అందరి నుంచీ వేరు చేయడం, తప్పంతా నీదే అనడం ఉంటాయి. కొట్టడం అన్నది చక్రం బయటి అంచున ఉంటుంది. అంటే కొట్టక ముందే చక్రం తిరుగుతూ ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 నాటి చట్టం ప్రకారం, ఒక్క దెబ్బ వెయ్యకపోయినా సన్నిహిత బంధంలో ఉన్న మనిషిని ఇలా అదుపులో పెట్టుకుని భయపెట్టడం నేరం. 5 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

పాస్‌వర్డ్ ఇవ్వకపోతే నమ్మకం లేనట్టే అంటున్నాడు. ఇచ్చేయనా?

ఇవ్వకు. నీ మెసేజ్‌లలో నీ రహస్యాలే కాదు, నిన్ను నమ్మి నీ ఫ్రెండ్స్ చెప్పుకున్నవి కూడా ఉంటాయి. "ఎవరికీ ఇవ్వను, అమ్మకు కూడా ఇవ్వలేదు" అని చెప్పి చూడు. విని వదిలేస్తే సరే. రోజూ అదే గొడవ చేస్తుంటే నీకు తెలియాల్సింది తెలిసినట్టే. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, మార్చే ముందు అతనికి కోపం వస్తే ఏం చేస్తాడో ఒక్కసారి ఆలోచించుకో. భయంగా ఉంటే నమ్మకమైన పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు మార్చు.

నాకొక్కదానికే ఇలా జరుగుతోందా?

లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఏదో ఒక ప్రేమ బంధంలోనో పెళ్లిలోనో ఉన్న 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 24 శాతం మంది, అంటే సుమారు 1 కోటి 90 లక్షల మంది, భాగస్వామి చేతిలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించారు. మాటలతో, నిఘాతో పెట్టే హింసను ఇందులో కలపలేదు. నీ క్లాసులోనే ఇంకొకరు ఇదే దాచుకుంటూ ఉండొచ్చు.

నేనూ తిరిగి అరిచాను, ఒకసారి గట్టిగా తోసేశాను. తప్పు నాలోనూ ఉంది కదా?

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయిల్లో చాలామందికి అతనే ఈ మాట నూరిపోసి ఉంటాడు. నీతో నువ్వు నిజాయితీగా ఉండు. గొడవ అయ్యాక ఎవరు ఎవరికి భయపడుతున్నారు? రేపు ఏ బట్టలు వేసుకోవాలి, ఎవరితో మాట్లాడాలి అని ఎవరు లెక్కలు వేసుకుంటున్నారు? నువ్వు తోసింది ఊపిరాడక అయి ఉండొచ్చు, కోపంతో అయి ఉండొచ్చు. కోపంతో అయితే అది నువ్వు మార్చుకోవాల్సిన విషయమే. కానీ అంతమాత్రాన నిన్ను అదుపులో పెట్టే హక్కు అతనికి రాదు, సాయం అడిగే హక్కు నీకు పోదు.

## ఇరుక్కుపోయానని అర్థమయ్యాక

కొట్టాక ఏడుస్తాడు, కాళ్లు పట్టుకుంటాడు, గిఫ్ట్‌లు తెస్తాడు. ఈసారైనా మారతాడా?

ఆ ఏడుపు నిజమే కావచ్చు. అది అబద్ధమని నేను అనను. అయినా ఏడవడం వేరు, మారడం వేరు. లెనోర్ వాకర్ అనే మనస్తత్వవేత్త 1979లో ఈ వరసను వివరించారు. ముందు లోపల టెన్షన్ పేరుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా పేలుతుంది, ఆ తర్వాత బతిమాలడం, లాలించడం. మళ్లీ మొదటికి. అందరి విషయంలోనూ సరిగ్గా ఇలాగే జరగకపోవచ్చు, లాలించే రోజులు కొందరికి అసలు రాకపోవచ్చు. మీ ఇద్దరి మధ్య ఈ వరస కనబడుతుంటే మాత్రం, ఆ మంచి రోజులు కూడా అదే గొలుసులో ఒక లింకు అని గుర్తుపెట్టుకో.

మారేవాడు "నీవల్లే కొట్టాను" అనడు. నువ్వు దూరంగా ఉంటానంటే ఒప్పుకుంటాడు. నువ్వు తిరిగి వస్తావన్న హామీ లేకపోయినా కౌన్సెలింగ్‌కి వెళ్తాడు. సారీలు లెక్కపెట్టకు. నువ్వు కాదన్న రోజున అతను ఎలా ఉన్నాడో చూడు.

ఇంత బాధపెడుతున్నా మళ్లీ అతనే కావాలనిపిస్తుంది. నాకేమైనా పిచ్చా?

పిచ్చి కాదు. బాధపెట్టిన మనిషే ఓదార్చినప్పుడు ఆ ముడి మామూలు ప్రేమకంటే గట్టిగా బిగుస్తుంది. డటన్, పెయింటర్ అనే ఇద్దరు పరిశోధకులు 1981లో దీని గురించి రాశారు. రెండు కారణాలు చెప్పారు: ఇద్దరిలో ఒకరి చేతిలోనే అధికారమంతా ఉండటం, మంచితనం ఎప్పుడొస్తుందో చెడు ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. ఎప్పుడూ చెడ్డగానే ఉంటే నువ్వు ఎప్పుడో వదిలేసేదానివి. ఎప్పుడో ఒకసారి దొరికే ఆ మంచి మాట కోసం మిగతా రోజులన్నీ ఎదురుచూస్తావు. ఫ్రెండ్స్‌ని అతను ముందే దూరం చేసి ఉంటే ఏడవడానికి కూడా అతని భుజమే మిగులుతుంది. కాబట్టి కావాలనిపించినందుకు సిగ్గుపడకు. ఆ కోరిక ఉండగానే దూరం జరగొచ్చు. అది పూర్తిగా చచ్చిపోయేదాకా ఆగితే ఎప్పటికీ బయటపడలేవు.

వదిలేస్తే చచ్చిపోతానంటున్నాడు. ఏమైనా అయితే పాపం నాదే కదా?

కాదు. ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని ఒంటరిగా మొయ్యనూ వద్దు. అతని తల్లిదండ్రులకో, అన్నకో, దగ్గరి స్నేహితుడికో వెంటనే ఫోన్ చేసి "ఇలా అంటున్నాడు, దగ్గర ఉండండి" అని చెప్పు. అప్పటికప్పుడు ఏదైనా చేసుకునేలా ఉంటే అత్యవసర నంబర్‌కి చెప్పు. నిజంగా ఆ ఆలోచన ఉన్నవాడికి కావాల్సింది వైద్యం. పదహారేళ్ల అమ్మాయి పక్కన కూర్చుని కాపలా కాయడం దానికి మందు కాదు. నువ్వు మాత్రం ఒంటరిగా అతని దగ్గరికి పరిగెత్తకు. ఈ మాట నిన్ను రప్పించడానికే అయితే, వెళ్లిన ప్రతిసారీ అది పనిచేస్తుందని అతను నేర్చుకుంటాడు.

గొడవలో గొంతు పట్టుకున్నాడు. రెండు సెకన్లే, మచ్చ కూడా పడలేదు. పట్టించుకోవాలా?

ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకో. మెదడుకు రక్తం ఆగితే పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు. బయట మచ్చ లేకుండానే లోపల రక్తనాళం దెబ్బతినొచ్చు, దాని ప్రభావం రోజుల తర్వాత కనబడొచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్లలో ఎర్రటి చుక్కలు, తల తిరగడం, కొన్ని క్షణాలు గుర్తు లేకపోవడం, తెలియకుండా మూత్రం పోవడం: ఇందులో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లు. ఏవీ లేకపోయినా డాక్టర్‌కి చూపించుకో. "గొంతు నులిమాడు" అని ఆ మాటతోనే చెప్పు, "చిన్న గొడవ" అనకు.

ఇంకో సంగతి. అమెరికాలో 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, భాగస్వామి ఒకసారి గొంతు నులిమిన స్త్రీలకు తర్వాత అతని చేతిలోనే ప్రాణం పోయే ముప్పు 7 రెట్లకు పైగా ఎక్కువని తేలింది. అందుకే గొంతు మీద చెయ్యి పడిన రోజునే ఒక పెద్దమనిషికి చెప్పమంటాను. మరోసారి చూద్దామని ఆగొద్దు.

వద్దన్నా వినలేదు. బాయ్‌ఫ్రెండే కదా, దాన్ని బలవంతం అంటారా?

అంటారు. లవర్ అయినా, అంతకుముందు నువ్వే ఒప్పుకుని ఉన్నా, ఆరోజు వద్దంటే వద్దనే. భయంతో ఏమీ అనలేక బిగుసుకుపోయినా అది ఒప్పుకోవడం కాదు. విసిగించీ విసిగించీ, విడిపోతానని బెదిరించీ ఒప్పించినా అంతే.

టైమ్ ముఖ్యం కాబట్టి ముందు ఆసుపత్రి. గర్భం రాకుండా మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. 72 గంటల్లోపు మంచిది, కొన్ని రకాలు 5 రోజుల దాకా పనిచేస్తాయి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి. ఫిర్యాదు చేయాలా వద్దా అని తేల్చుకోకపోయినా వైద్యం చేయించుకోవచ్చు. వీలైతే అప్పటి బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో దాచు. స్నానం చేసేసి ఉంటే కంగారుపడకు, అయినా వెళ్లు.

నా ఫోటోలు అతని దగ్గర ఉన్నాయి. బయట పెడతానంటున్నాడు. ఏం చేయను?

ముందు ఊపిరి తీసుకో. పంపడం వల్ల నీ జీవితం ముగిసిపోలేదు. నేరం చేస్తున్నది బెదిరిస్తున్నవాడు. అతను అడిగినట్టు ఇంకో ఫోటో పంపకు, కలవమంటే వెళ్లకు, డబ్బు ఇవ్వకు. ఒకసారి లొంగితే బెదిరింపు ఆగదు, అడిగేది పెరుగుతుంది. ఆ బెదిరింపు మెసేజ్‌లను తేదీ, పేరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, చాట్ డిలీట్ చేయకు. ఆ ఫోటోలను మాత్రం సాయం అడగడానికైనా సరే ఎవరికీ పంపకు.

18 ఏళ్లలోపు తీసిన ఫోటోలైతే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం దీన్ని నడుపుతోంది, ఏ దేశం నుంచైనా వాడుకోవచ్చు. ఫోటో నీ ఫోన్ దాటదు. దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారై, ఆ కోడ్ మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి అందులో చేరిన కంపెనీలకు వెళ్తుంది. ఆ కోడ్‌కి సరిపోయే ఫోటో ఎవరైనా పెడితే వాళ్లు తొలగించగలుగుతారు. 18 దాటాక తీసినవాటికి 'స్టాప్ ఎన్‌సీఐఐ' అదే పని చేస్తుంది.

బతకాలనిపించడం లేదు.

ఈ మాట ఇప్పుడే, ఈ గంటలోనే, ఒక మనిషికి చెప్పు. అమ్మ, అక్క, టీచర్, పక్కింటి ఆంటీ, హెల్ప్‌లైన్‌లో ఎత్తిన గొంతు, ఎవరైనా సరే. వివరంగా చెప్పక్కర్లేదు. "చచ్చిపోవాలనిపిస్తోంది, నా దగ్గర ఉండు" అన్నది చాలు. ఈ రాత్రి గదిలో ఒంటరిగా పడుకోకు.

## బయటపడాలనుకున్నప్పుడు

బ్రేకప్ ఎలా చెప్పాలి? ఎదురుగా చెప్పడం మర్యాద కదా?

నిన్ను భయపెట్టేవాడి విషయంలో ఆ మర్యాద అక్కర్లేదు. ఫోన్‌లోనో, మెసేజ్‌లోనో చెప్పొచ్చు. చేయి జారిపోతోందని అనిపించినప్పుడే అదుపు కోసం పాకులాడేవాడు ఎక్కువ ప్రమాదకరంగా మారతాడు. విడిపోయే రోజులు, ఆ తర్వాతి కొన్ని వారాలు జాగ్రత్తగా ఉండాల్సిన కాలం.

కాబట్టి చెప్పే ముందే ఇంట్లో ఒకరికి, బయట ఒకరికి తెలియాలి. రెండు వాక్యాలు చాలు: "నేను ఈ బంధంలో ఉండలేను. ఇక నాకు మెసేజ్ చేయకు." కారణాలు చెప్పావంటే ఒక్కో కారణం మీదా వాదన మొదలవుతుంది. "చివరిసారి ఒక్కసారి కలుద్దాం" అంటాడు. వెళ్లకు. నీ వస్తువులు అతని దగ్గర ఉంటే వాటిని మరిచిపో, లేదా పెద్దవాళ్లతో తెప్పించుకో. ఆ మరుసటి రోజు స్కూల్‌కో కాలేజీకో ఎవరితో వెళ్తావు, ఎవరితో తిరిగి వస్తావు అన్నది ముందురోజే తేల్చుకో.

ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు. మరి ఎవరికి చెప్పాలి?

నీ భయం ఉత్తిదని నేను అనను. నిజంగానే అలా చేసే ఇళ్లు ఉన్నాయి. అందుకే మొదట చెప్పే మనిషిని ఆచితూచి ఎంచుకో. గతంలో నువ్వు తప్పు చేసినప్పుడు అరవకుండా విన్నది ఎవరు? అత్త కావచ్చు, తాతయ్య కావచ్చు, సైన్స్ టీచర్ కావచ్చు. వాళ్లు ఒప్పుకుంటే అమ్మానాన్నలకు చెప్పేటప్పుడు నీ పక్కనే కూర్చోమను. నోటితో చెప్పలేకపోతే రాసి ఇవ్వు. "నేను ఒక ఇబ్బందిలో ఉన్నాను. ముందు తిట్టకుండా వినండి. నాకు ప్రమాదం ఉంది" అని మొదలుపెట్టు. ప్రమాదం అన్న మాట ముందే చెబితే చాలామంది పెద్దవాళ్లు కోపం మింగి వింటారు.

ఎవరూ లేరనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్‌కి చెయ్యి. భారత్‌లో 1098, ఐరోపాలో చాలా దేశాల్లో 116111. ఒకళ్లు సరిగా వినకపోతే అక్కడే ఆగిపోకు, రెండో మనిషికి చెప్పు.

నేను ఎక్కడున్నానో అతనికి ఎలా తెలుస్తోంది?

ఎక్కువసార్లు దీని వెనక పెద్ద టెక్నాలజీ ఏమీ ఉండదు. ఎప్పుడో ఆన్ చేసిన లొకేషన్ షేరింగ్, అతని ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న నీ వాట్సాప్, అతనికి తెలిసిన నీ ఈమెయిల్ పాస్‌వర్డ్, లేదంటే మీ ఇద్దరికీ తెలిసిన ఒక ఫ్రెండ్. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' చూడు. గూగుల్ లేదా యాపిల్ ఖాతాలో ఏయే ఫోన్లు లాగిన్ అయి ఉన్నాయో చూడు. మ్యాప్స్‌లో, స్నాప్‌చాట్‌లో లొకేషన్ ఎవరికి వెళ్తోందో చూడు. ఐఫోన్‌లో అయితే యాపిల్ ఖాతాలో ఉన్న ఫోన్లు, ఐఫోన్ నుంచి ఎవరికి ఏం షేర్ అవుతోందో 'సేఫ్టీ చెక్' అనే చోట కనబడతాయి, వాట్సాప్, స్నాప్‌చాట్ లాంటివి మాత్రం విడిగానే చూడాలి. అతనిచ్చిన ఫోన్ అయితే దాన్ని నమ్మకు. బ్యాగ్ అరలు, బండి సీటు కింద చిన్న ట్రాకర్ ఉందేమో వెతుకు.

ఏదైనా దొరికితే వెంటనే ఆపేయాలనిపిస్తుంది. ఆపితే అతనికి తెలిసిపోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకో, సాయం చేసే మనిషికి వేరే ఫోన్ నుంచి చెప్పు, ఆ తర్వాత ఆపు.

అతను పక్కనే ఉన్నప్పుడు సాయం ఎలా అడగాలి?

2020లో కెనడియన్ ఉమెన్స్ ఫౌండేషన్ ఒక చేతి సైగను ప్రచారంలోకి తెచ్చింది. అరచేతిని ఎదుటివాళ్లకు చూపించి, బొటనవేలిని లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లను దాని మీదకు మూసెయ్యాలి. ఇది అందరికీ తెలియదు కాబట్టి నీ ఇద్దరు ఫ్రెండ్స్‌కి ముందే నేర్పు. ఇంట్లోవాళ్లతో ఒక గుర్తు మాట కూడా పెట్టుకో. "రికార్డ్ బుక్ తెచ్చావా?" అని నువ్వు మెసేజ్ చేస్తే, "అర్జెంటుగా ఇంటికి రా" అని వాళ్లు వెంటనే ఫోన్ చెయ్యాలి.

## వచ్చేశాక

వదిలేసి నెల తర్వాత మళ్లీ మాట్లాడాను. నేను ఇక బాగుపడనా?

చాలామంది ఒక్కసారిలో తెంచుకోలేరు. సిగ్గుతో ఈ విషయం దాచావంటే నీకు సాయం చేసినవాళ్లు మళ్లీ దూరమవుతారు, అతనికి కావాల్సిందీ అదే. వాళ్లకు ఈరోజే చెప్పు. ఏ టైమ్‌లో, ఏ బాధలో మెసేజ్ చేశావో గుర్తు తెచ్చుకో. రాత్రి పదకొండు తర్వాత అయితే ఆ టైమ్‌లో ఫోన్ అక్క దగ్గర పెట్టు. అతను చేసినవాటిని నీ చేతి రాతతో ఒక కాగితం మీద రాసి ఉంచుకో. బెంగ వచ్చినప్పుడు మనసు మంచి రోజులనే చూపిస్తుంది, ఆ కాగితం మిగతా రోజులను చూపిస్తుంది.

బ్లాక్ చేశాను. వేరే నంబర్ల నుంచి చేస్తున్నాడు, కాలేజీ గేటు దగ్గర నిలబడుతున్నాడు.

దేనికీ జవాబు ఇవ్వకు, తిట్టడానికి కూడా. ఇరవయ్యో కాల్‌కి నువ్వు ఎత్తావంటే, ఇరవై సార్లు చేస్తే ఎత్తుతుందని అతనికి తెలుస్తుంది. ప్రతిదీ తేదీ, టైమ్, చోటు, చూసినవాళ్ల పేరుతో ఒక నోట్‌బుక్‌లో రాయి. విడివిడిగా చూస్తే చిన్నగా కనిపించేవి వరసగా రాసి ఉంటే వెంటపడి వేధించడమని పోలీసులకు, ప్రిన్సిపాల్‌కు కనబడుతుంది. దారి మార్చుకోవాల్సింది నువ్వే అన్నట్టు వాళ్లు మాట్లాడితే, అతన్ని కట్టడి చేయమని నీ తరఫున పెద్దవాళ్లు గట్టిగా అడగాలి.

ఇంకెవరినైనా నమ్మగలనా?

నమ్మగలవు, తొందర లేదు. కొత్త మనిషికి ఒక చిన్న విషయంలో "వద్దు" అని చెప్పి చూడు. ఆ తర్వాత అతని ముఖం ఎలా ఉందో చూడు.

## అమ్మానాన్నలకు, స్నేహితులకు

మా అమ్మాయి మారిపోయింది, అడిగితే ఏమీ లేదంటోంది. ఎలా తెలుసుకోవాలి?

ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, ఎండాకాలంలో పొడుగు చేతుల బట్టలు, ఫ్రెండ్స్ రావడం ఆగిపోవడం, మార్కులు పడిపోవడం, ఎవరికో ఫోటో తీసి పంపితే గానీ బయటకు కదలకపోవడం: ఇలాంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేయకండి. బండి మీదో, కారులోనో వెళ్తున్నప్పుడు, ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు మాట తేలిగ్గా బయటకొస్తుంది. "నీ మీద ఎవరైనా పెత్తనం చేస్తున్నారా? నేను కోప్పడను" అని అడిగి, ఆ తర్వాత ఆమె మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి.

తెలిసింది. వెంటనే ఫోన్ లాక్కుని ఇంట్లో కూర్చోబెట్టాలా?

దయచేసి అలా చేయకండి. అతను ఆమెను ఫ్రెండ్స్ నుంచి వేరు చేశాడు. మీరు ఫోన్, కాలేజీ, బయటి ప్రపంచం అన్నీ తీసేస్తే ఆ పని పూర్తవుతుంది. "ఇంట్లో చెబితే ఇలాగే చేస్తారు" అని అతను ముందే చెప్పి ఉంటాడు, అతని మాటే నిజమవుతుంది. ఇంకోసారి దెబ్బ తగిలినప్పుడు ఆమె మీకు చెప్పదు.

మొదటి రోజు మూడు మాటలు చాలు: నీ తప్పు లేదు, చెప్పి మంచి పని చేశావు, మనం కలిసి చూసుకుందాం. మీ కోపం, మీ భయం, నలుగురికీ తెలిస్తే ఎలా అన్న దిగులు ఇంకొక పెద్దమనిషి దగ్గర చెప్పుకోండి, ఆమె ముందు వద్దు. అబ్బాయి ఇంటి మీదకు గొడవకు వెళ్లకండి, ఆ కక్ష ఆమె మీదే తీర్చుకుంటాడు. ఏ అడుగు వేసినా ఆమెతో మాట్లాడాకే వేయండి. ఆమె ప్రాణానికి ప్రమాదం కనిపిస్తే మాత్రం ఆగకండి, ఎవరికి ఎందుకు చెబుతున్నారో ఆమెకు చెప్పి మరీ చెప్పండి.

నా ఫ్రెండ్ ఎన్నిసార్లు చెప్పినా అతన్ని వదలట్లేదు. విసుగొచ్చేసింది.

విసుగు రావడం సహజం, అలాగని తెగతెంపులు చేసుకోకు. "నేనా, అతనా తేల్చుకో" అనకు, ఆ మాట అతను ఇప్పటికే అంటున్నాడు. అతన్ని తిడితే ఆమె అతని తరఫున వాదిస్తుంది. "నిన్న అతను అలా అన్నప్పుడు నీ ముఖం వాడిపోయింది, నాకు భయమేసింది" అని నువ్వు చూసిందే చెప్పు. ఆయుధం, గొంతు నులమడం, చంపేస్తాననడం, ఆమె చచ్చిపోతాననడం: వీటిలో ఏది విన్నా రహస్యం దాచకు, ఆమె అలిగినా సరే ఒక పెద్దమనిషికి చెప్పు.

అలా ప్రవర్తిస్తున్నది మా అబ్బాయే అని తెలిసింది. ఏం చేయాలి?

నమ్మబుద్ధి కాదు, తెలుసు. అయినా ఆ అమ్మాయిని అబద్ధాలకోరు అనకండి. ఇంట్లో అతను చూసి నేర్చుకున్నది ఏమైనా ఉందేమో మీరే ఆలోచించండి. అతన్ని కొట్టి సరిచేయాలని చూస్తే బలమున్నవాడిదే మాట అన్న పాఠమే మళ్లీ నేర్పినట్టు. ఆమెకు మెసేజ్‌లు, ఫోన్లు, ఆమె దారిలో నిలబడటం ఈరోజు నుంచే ఆగాలని గట్టిగా చెప్పండి, ఆగాయో లేదో మీరే చూసుకోండి. కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి. క్షమాపణ చెప్పిస్తామంటూ అతన్ని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి మాత్రం వెళ్లకండి. అతను తలుపు తట్టినా ఆమెకు గుండె జారిపోతుంది.